తల మీద చారల్లేని పిల్ల ఎవరిది?

సంక్రాంతి సెలవుల్లో చిలికా వైపు వెళ్లొచ్చిన విశాఖ పాఠకుల నుంచి పెద్దబాతుల గురించి వరసగా ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే. ఇక్కడ పెద్దబాతు అంటే గూస్. చెరువు బాతు కంటే ఒడ్డూ పొడుగూ ఉండి, ఎక్కువగా నేల మీద గడ్డి మేసే పక్షి.

ప్రశ్న: విశాఖలో రైలెక్కి బాలుగావ్‌లో దిగి చిలికా సరస్సు చూశాం. చారతల పెద్దబాతుల గుంపులో కొన్నింటికి తల వెనక నల్ల చారలే లేవు. పడవ నడిపినతను అవి వేరే జాతి అన్నాడు. మావారేమో పిల్లలు అంటారు. ఎవరి మాట నిజం? పిల్లలే అయితే ఏ పిల్ల ఎవరిదో దూరం నుంచి చెప్పగలమా?
— పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: మీవారి మాటే నిజం. చారతల పెద్దబాతు, అంటే బార్ హెడెడ్ గూస్, పెద్దదైతే తల తెల్లగా ఉండి వెనక రెండు నల్ల చారలు కనిపిస్తాయి. పై చార ఒక కంటి దగ్గర మొదలై తల వెనకగా రెండో కంటి దాకా వస్తుంది. కింది చార పొట్టిది. మెడ పక్కన తెల్లటి గీత నిలువుగా దిగుతుంది. పిల్లకు ఆ చారలు ఉండవు. నడినెత్తి నుంచి మెడ వెనక దాకా మసి రాసినట్టు ఒకటే రంగు. ముక్కు, కాళ్ల రంగు కూడా వెలిసినట్టే ఉంటుంది. నిరుడు మే, జూన్ నెలల్లో మంగోలియాలోనో, టిబెట్ పీఠభూమి మీదో, లదాఖ్ సరస్సుల దగ్గరో పుట్టి ఉంటాయి. సంక్రాంతి నాటికి వాటి వయసు ఏడెనిమిది నెలలు. చలికాలం గడిచేకొద్దీ తల ఈకలు మారి చారలు తేలతాయి. కాబట్టి నవంబరు, డిసెంబరుల్లో పోల్చుకున్నంత సులువుగా ఫిబ్రవరి చివర్లో పోల్చుకోలేం.

ఇక ఏ పిల్ల ఎవరిది అన్నది. గుంపు మొత్తం చూస్తే ఏమీ తెలియదు. మేస్తున్న ఒక్క పిల్లను ఎంచుకుని పదిహేను నిమిషాలు దాన్నే చూడండి. 8×42 బైనాక్యులర్‌తో వంద, నూటయాభై మీటర్ల దాకా పని జరుగుతుంది. అంతకు మించిన దూరానికి స్టాండు మీద స్పాటింగ్ స్కోప్ అనే చిన్న దూరదర్శిని కావాలి. దాన్ని 30 రెట్ల దగ్గర ఉంచండి. ఎండెక్కాక 60 రెట్లకు పెంచితే నేల నుంచి లేచే వేడిగాలికి బొమ్మ వణికిపోతుంది, చార ఉందో లేదో కూడా తెలియదు.

ముందు నడక చూడండి. తల్లిదండ్రులు అటు కదిలితే పిల్ల రెండు మూడు అడుగుల ఎడంతో అటే కదులుతుంది, అవి ఆగితే ఆగుతుంది. తర్వాత తల చూడండి. పిల్ల ముక్కు గడ్డిలో ఉన్నంతసేపూ పక్కన ఒక పెద్దది మెడ నిక్కించి నిలబడి ఉంటుంది, ఎక్కువసార్లు అది తండ్రే. అన్నిటికంటే గట్టి గుర్తు తగవు. పరాయి పక్షి దగ్గరికొస్తే తండ్రి మెడను నేలకు సమాంతరంగా చాచి, ముక్కు ముందుకు పెట్టి ఉరుకుతుంది. అవతలిది తప్పుకోగానే గిరుక్కున వెనక్కి తిరిగి మెడ సాచి కూస్తూ సొంతవాళ్ల దగ్గరికి వస్తుంది. తల్లి, పిల్లలు తలలు దగ్గరగా చేర్చి అదే కూతలో గొంతు కలుపుతాయి. 20వ శతాబ్దం మొదట్లో ఆస్కర్ హైన్‌రాత్ వర్ణించిన ఈ విజయఘోషను, తర్వాత గ్రేలాగ్ పెద్దబాతులలో కొన్రాడ్ లోరెంజ్ లోతుగా పరిశీలించారు. లోరెంజ్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కూతలో గొంతు కలిపినవన్నీ ఒక ఇంటివే అని రాసుకోవచ్చు.

పొరపాటు జరిగేది మిట్టమధ్యాహ్నం. బురద దిబ్బ మీద ముక్కు రెక్కల్లో దూర్చి నిద్రపోతున్నప్పుడు పక్కపక్కన ఉన్నంత మాత్రాన చుట్టాలు కావు. మేత వేళ చూసిందే లెక్క.

ప్రశ్న: కాకి, పిచ్చుక నోట్లో మేత పెడతాయి. పెద్దబాతు పెట్టదు. పైగా ఆ పిల్లలు తల్లిదండ్రులంత పెరిగి, హిమాలయాలు దాటి వచ్చాయి. ఇంకా వాటికి చేసే సేవ ఏముంటుంది? ఊరికే వెంట తిరుగుతున్నాయేమో కదా?
— పాఠకుడు, గాజువాక

జవాబు: గుడ్డు పగిలిన ఒకటి రెండు రోజులకే పెద్దబాతు పిల్ల గూడు వదిలి తన మేత తానే కొరుక్కుంటుంది. కాబట్టి నోట్లో పెట్టడమన్నది మొదటి రోజు నుంచీ లేదు. తల్లిదండ్రులు ఇచ్చేది మేత తినడానికి కావలసిన చోటు, తలెత్తకుండా తినడానికి కావలసిన సమయం. చలికాలంలో ఆ రెండింటి విలువ ఎంతో తెలియాలంటే గడ్డి సంగతి చూడాలి.

గడ్డిలో సత్తువ తక్కువ. ఆవుకున్నట్టు నెమరు వేసే పొట్ట పెద్దబాతుకు లేదు. తిన్నది కడుపులో ఎక్కువసేపు నిలవదు, మేస్తున్నంతసేపూ మూడు నాలుగు నిమిషాలకోసారి రెట్ట వేస్తూనే ఉంటుంది. అరిగేది కొంతే కనుక లెక్క సరిపోవాలంటే గంటల తరబడి మేయాలి, అందులోనూ లేత చిగుళ్లే ఏరుకోవాలి. మన దేశంలో జనం అలికిడి ఉన్నచోట చారతల పెద్దబాతులు పగలు నీళ్ల దగ్గర, ఇసుక దిబ్బల మీద గడిపి, చీకటి పడ్డాక వరి కొయ్యకాళ్లలోకి, శనగ, గోధుమ చేలలోకి మేతకు దిగుతాయి. అంటే మేసే వేళ ఇంకా కుదించుకుపోతుంది. మేతలో పిల్లకు పెద్దదానికున్న నేర్పు ఉండదు. అది తలెత్తి నక్క కోసం, గద్ద కోసం చూస్తూ గడిపే ప్రతి నిమిషం మేతలోంచి పోయేదే. ఆ కాపలా తండ్రి తీసుకుంటుంది, తండ్రి తల దించినప్పుడు తల్లి తీసుకుంటుంది. పిల్లలున్న జంట పిల్లల్లేని జంట కంటే ఎక్కువసేపు మెడ నిక్కించి ఉంటుందని చాలా జాతుల్లో లెక్కకట్టి చూశారు.

రెండోది చోటు. గుంపులో అందరికీ ఒకే మర్యాద దక్కదు. ఇంగ్లండ్‌లోని స్లిమ్‌బ్రిడ్జ్ దగ్గర చలికాలం గడిపే వైట్ ఫ్రంటెడ్ పెద్దబాతుల మీద హ్యూ బాయిడ్ 1953లో ప్రచురించిన పరిశీలన ఇప్పటికీ పునాది లాంటిది. కుటుంబం ముందు జంట తగ్గుతుంది, జంట ముందు ఒంటరిది తగ్గుతుంది. కుటుంబాల్లోనూ పిల్లలు ఎక్కువున్నదే గెలుస్తుంది. స్వాల్‌బార్డ్ దీవుల నుంచి స్కాట్లండ్‌కు వచ్చే బార్నకిల్ పెద్దబాతుల మీద జెఫ్రీ బ్లాక్, మిర్ఫిన్ ఓవెన్ 1980లలో చేసిన పనిలోనూ ఇదే తేలింది. తల్లిదండ్రుల పక్కనున్న పిల్లను ఎవరూ పెద్దగా కదపరు. అదే పిల్ల పది గజాలు పక్కకు పోతే, ఆ అదను కోసమే చూస్తున్నట్టు ఎవరో ఒకరు దాన్ని గడ్డి మీంచి నెట్టేస్తారు. పిల్ల స్థాయి తనది కాదు, తండ్రి మెడ చాచి కాచినంత మేరకే.

మరి తల్లిదండ్రులకు ఏం దక్కుతుంది? ఆ కాపలా, ఆ తగవులు వాటి ఒంట్లోని కొవ్వును కరిగిస్తాయి. కానీ ఎదిగిన పిల్లలు కూడా తగవులో మెడ చాచి వెనక నిలబడతాయి, పిల్లలెక్కువైతే ఇంటి మొత్తానికీ మంచి మేత దొరుకుతుంది. ఖర్చులో కొంత అలా తిరిగి వస్తుంది. సగానికి పైగా పిల్లల చేతుల్లోంచే వస్తుందని మాత్రం అనుకోకండి, బరువు పెద్దవాటి మీదే.

దారి సంగతి కూడా ఉంది. ఎటు వెళ్లాలి, ఎక్కడ దిగాలి అన్నది పెద్దబాతు పిల్ల మొదటి ప్రయాణంలో పెద్దల వెంట వెళ్లి నేర్చుకుంటుంది. ఒంటికి పరికరం కట్టి వెంటాడిన చారతల పెద్దబాతుల్లో ఒకటి హిమాలయాల మీద 7,290 మీటర్ల ఎత్తుకు చేరింది. మామూలుగా అవి కొండల వెంట నేలకు దగ్గరగానే ఎక్కుతూ దిగుతూ పోతాయి. ఆ కనుమల దారి వెంట వెళ్లినవాళ్లకే తెలుస్తుంది.

ఈ కాపురం ఎన్నాళ్లు? ఎక్కువ జాతుల్లో వసంతం దాకా. తిరుగు ప్రయాణానికి ముందో, గూడు కట్టే చోటికి చేరాకో తల్లిదండ్రులు పిల్లలను దూరం పెడతాయి. అప్పటిదాకా పరాయి పక్షి మీదకు చాచిన మెడను సొంత పిల్ల మీదకే చాస్తాయి. గ్రీన్లాండ్ నుంచి వచ్చే వైట్ ఫ్రంటెడ్ రకంలో మాత్రం కొన్ని పిల్లలు ఏళ్ల తరబడి అమ్మానాన్నలతోనే ఉంటాయి.

ప్రశ్న: మా మర పడవ దగ్గరికి పోగానే గుంపంతా ఒక్కసారిగా లేచిపోయింది. ఒక పిల్ల మాత్రం అక్కడక్కడే తిరుగుతూ అరుస్తూ ఉండిపోయింది. తల్లిదండ్రులు వెనక్కి వస్తాయా? పట్టుకొచ్చి కాపాడి ఉండాల్సిందా?
— పాఠకుడు, భీమిలి

జవాబు: పట్టుకోకపోవడమే మంచిదైంది. ఎగరగలిగిన పిల్ల అలా అరుస్తుంటే అది వెతుకుతున్నట్టే. తల్లిదండ్రులు, పిల్లలు ఒకరినొకరు గొంతును బట్టి గుర్తుపడతాయి. చాలాసార్లు ఆ సాయంత్రం గుంపు వాలే చోట కలుసుకుంటాయి.

కానీ విడిపోవడానికి కారణం ఉంది, అది మన చేతిలో ఉన్నదే. తమంతట తాము ఎగరాలనుకున్నప్పుడు పెద్దబాతులు ముందు సైగ చేసుకుంటాయి. ఒకటి తల పక్కకు విదిలిస్తుంది, ముక్కు పైకి ఎగరేస్తుంది. కాసేపటికి ఇంట్లోవాళ్లందరూ అదే చేస్తారు, ఒకే దిక్కుకు తిరుగుతారు, ఆ తర్వాతే రెక్క విప్పుతారు. కెనడా గూస్‌లలో చూసిందేమిటంటే, తండ్రి సైగ మొదలుపెడితే కుటుంబం త్వరగా లేస్తుంది. పిల్ల మొదలుపెడితే పెద్దవి తొందరపడవు, ఎంతోసేపు పడుతుంది. ఈ సైగ వల్లే వేల పక్షుల్లోనూ ఒక ఇంటివి కలిసి లేచి, కలిసి బారు కట్టి, కలిసి దిగుతాయి. మర పడవో, కుక్కో, డ్రోనో మీద పడితే సైగకు వ్యవధి ఉండదు. ఎవరికి తోచిన దిక్కుకు వాళ్లు లేస్తారు. అమాయకంగా మేస్తున్న పిల్ల వెనకపడుతుంది. గుంపు ఒకసారి లేచి దిగితే కోల్పోయేది కాసింత మేత మాత్రమే కాదని, ఇళ్లు చెదురుతాయని పడవల వాళ్లకు చెప్పండి. అది వాళ్లకు తెలియాల్సిన విషయం.

ఈసారి వెళ్లినప్పుడు మర పడవ వద్దు. మంగళాజోడి వైపు గెడతో నెట్టే చెక్క పడవలు దొరుకుతాయి, అవే ఎక్కండి. రెండొందల మీటర్ల దగ్గరే వేగం తగ్గించి, సూటిగా కాకుండా ఏటవాలుగా సాగండి. అక్కడొకటి ఇక్కడొకటి మెడ నిక్కి ఉంటే ఫరవాలేదు. మేసేవాటిలో సగం పక్షులు మేత ఆపి మెడ నిక్కిస్తే ఆగిపోండి. తలలు విదిలించడం కనిపిస్తే వెనక్కి జరగండి. పడవలో లేచి నిలబడకండి, మనిషి ఆకారం నీళ్ల మీద చాలా దూరం కనిపిస్తుంది. చిలికా మధ్యలో ఉన్న నలబన పక్షుల అభయారణ్యం, అక్కడ దిగే ప్రయత్నమే చేయవద్దు.

రెక్క వేలాడుతున్నా, నిలబడలేకపోతున్నా సంగతి వేరు. అప్పుడు కూడా చేత్తో తాకకుండా అటవీ శాఖ వాళ్లకు చోటు గుర్తులు చెప్పండి. ఒకేచోట రెండు మూడు చచ్చి పడి ఉంటే మరీ దూరంగా ఉండండి. 2005లో చైనాలోని చింగ్‌హై సరస్సు దగ్గర బర్డ్ ఫ్లూతో వేల పక్షులు పోయాయి, వాటిలో చారతల పెద్దబాతులే ఎక్కువ. 2020 డిసెంబరు చివర్లో హిమాచల్‌లోని పాంగ్ డ్యామ్ దగ్గర మొదలైన చావుల్లోనూ అంతే. అలాంటి చోటు నుంచి వచ్చాక చెప్పుల అడుగులు సబ్బునీళ్లతో కడగనిదే ఇంట్లో కోళ్ల దగ్గరికి పోవద్దు.

ప్రశ్న: నలుడి చేతికి చిక్కిన హంస తనకు ముసలి తల్లి ఉందని, ఇల్లాలు, పిల్లలు ఉన్నారని మొరపెట్టుకుంటుంది కదా. అందులో నిజమెంత?
— పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: మన కావ్యాల హంస నిజానికి పెద్దబాతే అన్న పండితులు చాలామంది ఉన్నారు. ఆ లెక్కన చూస్తే ఇల్లాలి మాట, పిల్లల మాట అక్షరాలా నిజం. జంట కడితే సాధారణంగా రెండింట్లో ఒకటి పోయేదాకా కలిసే ఉంటాయి. ఆడది పొదుగుతుంటే మగది కావలి కాస్తుంది, పిల్లలు పుట్టాక ఇద్దరూ పెంచుతారు. మగది చిక్కితే ఆ ఏడు పిల్లలకు గుంపులో అండ పోయినట్టే. ముసలి తల్లిని పోషించడం మాత్రం పక్షిలో లేదు, అది కవి మనసులోది. అయితే బంధం పూర్తిగా తెగిపోదు. ఆస్ట్రియాలోని గ్రూనౌలో 1973 నుంచి తరతరాలుగా గమనిస్తున్న గ్రేలాగ్ గుంపులో అక్కచెల్లెళ్లు పెద్దయ్యాక కూడా దగ్గర దగ్గరగా మసలడం కనిపించింది. సొంతవాళ్లు పక్కనుంటే పిల్లల రెట్టల్లో ఒత్తిడి హార్మోను ఆనవాళ్లు తగ్గుతాయని కూడా అక్కడే తేలింది. తోబుట్టువు పక్కన నిలబడినా చాలు, ఏమీ చేయనక్కర్లేదు.

ప్రశ్న: కొండకర్ల ఆవ లాంటి మన చెరువుల్లో కనిపించే కాటన్ పిగ్మీ గూస్ కూడా ఇలాగే కుటుంబంగా ఉంటుందా?
— పాఠకుడు, అనకాపల్లి

జవాబు: పేరులో గూస్ ఉన్నా అది చిన్న బాతు. చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది, తామరాకుల మధ్య తిరుగుతుంది. పైన చెప్పిన కుటుంబ పద్ధతి దానికి అంటగట్టకండి. మన చెరువుల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ పిల్లలను పెంచడం చూడాలంటే ఈల వేసినట్టు కూసే లెస్సర్ విజిలింగ్ డక్‌ను వర్షాకాలం చివర్లో గమనించండి.

ప్రశ్న: మా తోటలో పెంపుడు పెద్దబాతు గుడ్లు పెట్టి పొదగడం మానేసింది. కోడి కింద పెట్టవచ్చా? పిల్లలకు తల్లి లేని లోటు ఎలా తీర్చాలి?
— పాఠకుడు, ఆనందపురం

జవాబు: పెట్టవచ్చు. పెద్ద నాటుకోడి కింద నాలుగు నుంచి ఆరు గుడ్లు, అంతకు మించి వద్దు. అంచున ఉన్నవాటికి వెచ్చదనం చాలదు. గుడ్డు బరువు వల్ల కోడి దాన్ని దొర్లించలేదు. కనుక గుడ్డుకు ఒకవైపు పెన్సిలుతో గుర్తు పెట్టి, కోడి మేతకు లేచినప్పుడు రోజుకు రెండు మూడుసార్లు మీరే తిప్పండి. తిప్పకపోతే లోపలి పిల్ల పెంకు పొరకు అతుక్కుని చచ్చిపోతుంది. పదో రోజున చీకటి గదిలో టార్చి వెలుగుకు పట్టి చూసి, నరాలు కనిపించని గుడ్లు తీసేయండి. రెండు వారాలు దాటాక రోజుకోసారి గోరువెచ్చని నీళ్లు చిలకరించండి. 28 నుంచి 31 రోజుల్లో పిల్లలవుతాయి, కోడి గుడ్ల లెక్కన 21 రోజులకే లేపేయకండి.

మొదటి వారం 32 డిగ్రీల వెచ్చదనం ఉండాలి, ఆపైన వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించండి. పిల్లలు బల్బు కింద కుప్పపడితే చలి, మూలలకు పోయి నోరు తెరిస్తే వేడి. కింద న్యూస్ పేపరు పరిస్తే కాళ్లు జారి చీలిపోతాయి, ఊకో గోనెపట్టో వేయండి. మందు కలపని కోడిపిల్లల మేతలో కొంచెం ఈస్టు కలపండి, నియాసిన్ అనే విటమిన్ తక్కువైతే కాళ్లు వంకరపోతాయి. సన్నగా తరిగిన లేత గడ్డి మొదటి రోజు నుంచీ పెట్టవచ్చు. నీళ్ల పళ్లెంలో తల మునగాలి, ఒళ్లు మునగకూడదు. నిజమైన తల్లి కింద పెరిగితే తల్లి ఈకల నూనె అంటి పిల్ల నూగు నీటిని తట్టుకుంటుంది. కోడి దగ్గర ఆ వీలు లేదు, ఈకలొచ్చేదాకా ఈత వద్దు.

పుట్టిన మొదటి రోజు ఎవరు కదులుతూ కనిపిస్తే వాళ్లనే తల్లి అనుకుంటుంది. ఒక్క పిల్లనే చేతుల్లో పెట్టుకుని పెంచితే అది రోడ్డు మీదికి కూడా మీ వెనకే వస్తుంది, పెద్దయ్యాక తోటి పక్షుల్లో కలవదు. ముగ్గురు నలుగురిని కలిపి పెంచండి.

ప్రశ్న: జనవరిలో జరిగే నీటిపక్షుల లెక్కింపు, ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్‌లో పాల్గొంటున్నాం. పెద్దబాతుల్లో పిల్లల లెక్క ఎలా తీయాలి?
— విద్యార్థిని, ఆంధ్ర విశ్వవిద్యాలయం

జవాబు: రెండు లెక్కలు వేర్వేరు పేజీల్లో రాయండి. మొదటిది, పోల్చుకోగలిగిన పక్షుల్లో పిల్లలెన్ని. ఉదాహరణకు 400 పక్షుల తలలు స్పష్టంగా చూశారు, 72 పిల్లలు, అంటే నూటికి 18. తల కనిపించనిదాన్ని పెద్దదానిలో కలపకండి, వదిలేయండి. లేకపోతే పిల్లల శాతం తప్పుగా తగ్గిపోతుంది. రెండోది, ఇంటికి ఎన్ని పిల్లలు. పదిహేను నిమిషాల పద్ధతిలో పక్కాగా తేలిన కుటుంబాలనే తీసుకోండి. 25 కుటుంబాల్లో 50 పిల్లలుంటే సగటు రెండు. మొదటి పేజీలోని పిల్లలను మొత్తం జంటలతో భాగించి ఈ సంఖ్య తీయకూడదు, ఎందుకంటే ఆ ఏడు పిల్లలే దక్కని జంటలు చాలా ఉంటాయి.

కుటుంబాలు గుంపు అంచుల వెంట ఎక్కువగా ఉంటాయి. ఒడ్డున నిలబడి మీకు దగ్గరగా ఉన్న అంచునే లెక్కపెడితే పిల్లలు ఎక్కువగా వస్తాయి. గుంపును ఒక చివర నుంచి రెండో చివర దాకా అడ్డంగా కోసినట్టు, మధ్యలోని పక్షులతో సహా చూడండి. ఉదయం మేత వేళ, సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా నిలబడితే చార తేటగా కనిపిస్తుంది.

విడిగా తిరిగే పిల్లలకు ఒక గడి కేటాయించండి. జనవరిలో అది చాలావరకు ఖాళీగానే ఉండాలి. వీలైతే ఫిబ్రవరి చివర్లో మళ్లీ వెళ్లి అదే చోట, అదే వేళకు లెక్కపెట్టి ఆ గడిని పోల్చండి. అప్పటికి కొంత నిండటం సహజం. జనవరిలోనే నిండి ఉంటే ముందు ఆ చోట పడవల రాకపోకలు, కుక్కలు ఎలా ఉన్నాయో విచారించి అదే పేజీలో రాయండి.